కుడి కాలు: కొలతల పుస్తకంలో నా పేజీ

మా కొట్లో కొలతల పుస్తకం ఒకటి ఉంటుంది. పేరు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు, ఇవ్వాల్సిన తేదీ. డిసెంబరులో మోకాలి చిప్ప విరిగాక, అందులో కొన్ని పేజీలు నా కాలికి కేటాయించాను. పేరు దగ్గర "కుడి కాలు" అని రాశాను. ఇవ్వాల్సిన తేదీ గడి మాత్రం ఖాళీ. ఎప్పటికి బాగవుతుందని డాక్టర్ గారిని అడిగితే "ఎముకకి మూణ్ణెల్లు, నడకకి ఆర్నెల్లు, మీరు మర్చిపోవడానికి ఏడాది" అన్నారు. ఏ తేదీ వెయ్యాలో అర్థం కాలేదు.

ఇది ఆ పేజీల్లోంచి ఎత్తి రాస్తున్నది. ముందే ఒక మాట. ఎముక పగిలిన తీరుని బట్టి, బిగించిన తీరుని బట్టి ఎవరి లెక్క వాళ్లది. ఆపరేషన్ అయిన 16వ రోజున నేను కాలు వంచాను కదా అని మీరూ వంచకండి, మీ డాక్టర్ని అడగండి.

డిసెంబరు 2, పడ్డ రోజు

వరికోతల రోజులు. కొల్లిపర రోడ్డు మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. జాకెట్లు ఇచ్చేసి స్కూటీ మీద తెనాలి వస్తున్నాను. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది, పక్కకి తీశాను, చక్రం ధాన్యంలోకి వెళ్లింది. అంతే. స్కూటీ ఒక పక్క, నేను ఒక పక్క. మోకాలు సరిగ్గా వెళ్లి రాయి మీద పడింది. ధాన్యం ఆరబోసినవాళ్లని చాలా తిట్టుకున్నాను. మా నాన్న కూడా ప్రతి ఏడూ రోడ్డు మీదే ఆరబోసేవాడని ఆసుపత్రికి వెళ్లేదాకా గుర్తు రాలేదు.

నొప్పి సంగతి తర్వాత. నన్ను భయపెట్టింది వేరేది. కాలు ఎత్తుదామంటే మడమ నేలని వదల్లేదు. పాదం కదులుతోంది, వేళ్లు కదులుతున్నాయి, కాలు మాత్రం లేవదు. చేత్తో తడిమితే చిప్ప ఉండాల్సిన చోట మధ్యలో వేలు పట్టేంత గాడి. పది నిమిషాల్లో వాపు వచ్చి ఆ గాడి కూడా పూడుకుపోయింది.

ఎక్స్‌రేలో చిప్ప అడ్డంగా రెండు ముక్కలు, మధ్యలో ఖాళీ. తొడ ముందు కండ పై ముక్కని పైకి లాగేసింది, కింది ముక్క కింద ఉండిపోయింది. మా వదినది చిత్తూరు వైపు. ఫోన్లో "ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు తీసుకొచ్చేయండి, కట్టు కట్టిస్తాం" అని ఒకటే పోరు. అదే మాట డాక్టర్ గారితో అన్నాను. ఆయన విసుక్కోలేదు. "మీరు టైలరు కదమ్మా. గుడ్డని రెండు పక్కలా ఇద్దరు పట్టుకుని లాగుతుంటే మధ్యలో కుట్టు నిలుస్తుందా? ముక్కలు విడిపోకుండా ఉంటే కట్టుతో చూసేవాళ్లం. ఇక్కడ తొడ కండ లాగుతూనే ఉంటుంది, పైనుంచి ఎంత బిగించి కట్టినా లోపల లాగుడు ఆగదు" అన్నారు. ఈ మాట నాకు ఇట్టే ఎక్కింది. వదినకి ఇప్పటికీ ఎక్కలేదు.

0వ రోజు, డిసెంబరు 5: ఆపరేషన్

వెన్నులో మత్తు ఇచ్చారు. స్పృహలోనే ఉన్నాను. డ్రిల్లు శబ్దం, ప్లయరు శబ్దం వినిపించాయి. తర్వాత ఎక్స్‌రే చూపించి చెప్పారు: రెండు సన్నటి పిన్నులు చిప్పలో నిలువుగా దింపి, వాటి చివర్ల చుట్టూ స్టీలు తీగని 8 అంకె ఆకారంలో తిప్పి, మెలిపెట్టి బిగించారు. తీగ చిప్ప ముందువైపు ఉంటుంది. మోకాలు వంగినప్పుడు చిప్ప ముందువైపు విచ్చుకోవాలని చూస్తుంది, అక్కడ తీగ అడ్డుపడుతుంది. దాంతో ఆ లాగుడే వెనకవైపు ముక్కల్ని ఒకదానికొకటి నొక్కే బలం అవుతుంది. అంటే ఏ కండ ముక్కల్ని విడదీసిందో దాని చేతే అతికిస్తున్నారు. నేను ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, ఇలాంటి కుట్టు చూడలేదు.

3వ రోజు

ఫిజియో అమ్మాయి వచ్చింది. మా పెద్దమ్మాయి కంటే రెండేళ్లు పెద్దదేమో. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "తొడ బిగించి తువ్వాల్ని కిందకి నొక్కండి ఆంటీ" అంది. నొక్కాను. "నొక్కండి" అంది మళ్లీ. "నొక్కుతున్నానమ్మా" అన్నాను. నా చెయ్యి తీసి నా తొడ మీదే పెట్టింది. నానిన మైదా ముద్దలా ఉంది. నేను బిగించానని నాకు అనిపిస్తోంది, కండకి మాత్రం కబురు అందలేదు.

ఆ అమ్మాయి చెప్పిన కారణం ఇది. కీలు లోపల రక్తం, నీరు చేరి ఉబ్బితే, మోకాలు తనకి తానే తొడ కండని ఆపేస్తుంది. అది మనం బద్ధకించడం వల్ల వచ్చేది కాదు, నొప్పి ఓర్చుకున్నా పోదు. వాపు తగ్గాలి, రోజంతా కబురు పంపుతూనే ఉండాలి. కిటుకు కూడా చెప్పింది: రెండు తొడలూ ఒకేసారి బిగించాలి, ఎడమది చూసి కుడిది నేర్చుకుంటుందట. గంటకి పదిసార్లు, ఒక్కోసారి పది లెక్కపెట్టేదాకా. మధ్యలో పాదం పైకీ కిందకీ ఆడించాలి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా.

6వ రోజు సాయంత్రం, కాఫీ గ్లాసు చేతిలో ఉండగా, తొడ లోపలివైపు చిన్నగా అదిరింది. చేప తోక ఆడించినట్టు. అత్తయ్యని పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాను. "ఏముందే, ఏమీ లేదుగా" అంది. నాకు తెలిసింది చాలు.

4 నుంచి 15వ రోజు: టేపు పని మొదలు

మంచం పక్కన టేపు ఉంది, పుస్తకం ఉంది, వేరే పని లేదు. రెండు చోట్ల కొలవాలని అనుకున్నాను. ఒకటి చిప్ప మధ్యన చుట్టుకొలత, అది వాపుకి. రెండోది చిప్ప పై అంచు నుంచి ఆరు అంగుళాలు పైన తొడ చుట్టుకొలత, అది కండకి. ఆ ఆరు అంగుళాల దగ్గర బాల్‌పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. రోజూ ఒకే చోట కొలవకపోతే అది కొలతే కాదు.

ఎడమ కాలు: మోకాలు 14½, తొడ 19½. కుడి కాలు, 4వ రోజు: మోకాలు 17, తొడ 19¼. తొడ పావు అంగుళమే తగ్గిందని సంతోషించాను. ఫిజియో అమ్మాయి నవ్వి "అది కండ కాదు ఆంటీ, వాపు. వాపు దిగాక అసలు కొలత వస్తుంది" అంది. 16వ రోజుకి తొడ 18½. కొత్తగా వచ్చిన కస్టమర్ పొట్ట లోపలికి పీల్చి కొలతిస్తే ఎంత నమ్మొచ్చో, మొదటి వారం తొడ కొలతనీ అంతే నమ్మొచ్చు.

నిజానికి తొడ తగ్గుతోందని టేపు కంటే ముందు బ్రేసు చెప్పింది. తొడ నుంచి చీలమండ దాకా ఉండే పొడుగు బ్రేసు, లోపల రేకులు, నాలుగు బెల్టులు. లేచి వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి జారి చిప్ప మీదకి వస్తోంది. మొదటి వారం పై బెల్టు ఏ గీత దగ్గర అంటించానో, రెండో వారం దానికి అంగుళంన్నర లోపలికి అంటించాల్సి వచ్చింది. పైగా చెమట, దురద. ఇది నా చేతిలో పనే అనుకుని మిషన్ దగ్గరకి కాకుండా సూది దారం మంచం మీదకి తెప్పించుకున్నాను. అత్తయ్య పాత నూలు చీర రెండు మడతలు వేసి లోపల లైనింగ్ కుట్టాను, విప్పి ఉతుక్కునేలా చివర్లలో టిచ్ బటన్లు. తొడ దగ్గర లోపలివైపు పాత సైకిల్ ట్యూబు రబ్బరు రెండు పట్టీలు అడ్డంగా కుట్టాను, చర్మానికి తగలకుండా లైనింగ్ మీద. జారడం చాలావరకు తగ్గింది. ఆసుపత్రిలో నర్సు అది చూసి ఎక్కడ కొన్నారని అడిగింది. నాకు అవార్డు వచ్చినట్టే అయింది.

బాత్రూం మాత్రం ఫెయిలైన ప్రాజెక్టు. మాది ఇండియన్ బాత్రూం, కాలు చాపి కూర్చోవడం కుదరదు. మా ఆయన ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంపంతో గుండ్రంగా కోసి, అంచు గీకి, తెచ్చి పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది. నేను కూర్చోగానే తడి టైల్స్ మీద వెనక కాళ్లు రెండూ అటూ ఇటూ విచ్చుకోవడం మొదలెట్టాయి. గోడ పట్టుకుని బతికిపోయాను. అదే రోజు ఇనుప కమోడ్ కుర్చీ కొన్నాం, కాళ్లకి రబ్బరు బిరడాలున్నది. కోసిన కుర్చీలో ఇప్పుడు పూలకుండీ ఉంది.

16 నుంచి 28వ రోజు: వంచడం

14వ రోజు కోతకి వేసిన క్లిప్పులు తీశారు. ముప్పై డిగ్రీల దాకా వంచొచ్చన్నారు (కాలు నిటారుగా చాపితే సున్నా), నాలుగో వారం చివరికి అరవై. బాగానే ఉంది, కానీ ఇంట్లో డిగ్రీలు ఎలా కొలవాలి? ఫిజియో అమ్మాయి వారానికి రెండుసార్లే వస్తుంది.

చిన్నది పదో తరగతి. దాని జామెట్రీ బాక్సులోంచి కోణమాపకం తీసుకున్నాను (పరీక్షల ముందు ఇదేంటమ్మా అని గొడవ). నా పాత చెక్క స్కేళ్లు రెండింటికి చివర రంధ్రం చేసి, బోల్టు బిగించి, ఆ బోల్టు దగ్గర కోణమాపకం మధ్య గీత వచ్చేలా ఒక స్కేలుకి అంటించాను. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి నా దగ్గర ఎల్ స్కేలు ఉంది కదా, దాని మూలలో పెట్టి చూస్తే 88 చూపించింది. విప్పి మళ్లీ అంటించాను. 90 వచ్చింది. బోల్టు మోకాలి బయటివైపు మధ్యన పెట్టాలి, ఒక స్కేలు తుంటి పక్కన పొడుచుకొచ్చే ఎముక వైపు, రెండోది చీలమండ బయటి ఎముక వైపు. ఫిజియో పరికరానికీ నాదానికీ మూడు డిగ్రీలు తేడా వచ్చింది. ఐదు దాకా ఎవరికైనా వస్తుందంది.

మంచం మీద సన్‌మైకా ముక్క, దాని మీద పౌడరు, కాలికి మేజోడు. మూడు అంగుళాల వెడల్పు బెల్టు గుడ్డకి రెండు చివర్లా చేతులు పట్టేలా లూపులు కుట్టి, అది అరికాలికి తగిలించి, మడమని మెల్లగా వెనక్కి జరుపుకోవడం. 16వ రోజు 25 డిగ్రీలు. అది చాలా తక్కువ. స్కేలు చూడకపోతే వంగిందనే ఎవరూ అనరు. 22వ రోజు 40. 28వ రోజు 58.

ఈ మధ్యలోనే ఒకరోజు పిక్కలో నొప్పి, నొక్కితే ఇంకా ఎక్కువ, పాదం కూడా ఉబ్బింది. ఇది మాత్రం పుస్తకంలో రాసుకుని ఊరుకోకూడదని ఫిజియో అమ్మాయి ముందే హెచ్చరించింది. పిక్క వాపు, జ్వరం, కోత దగ్గర చీము, ఈ మూడింట్లో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి. గుంటూరు తీసుకెళ్లి, రక్తం పారుదల చూసే డాప్లర్ స్కాన్ చేయించారు. రక్తం గడ్డ ఏమీ లేదు. ఆ రాత్రి మా ఆయన నాకంటే ముందు నిద్రపోయారు, పాపం.

దారాల సంగతి

ప్రతిసారీ అందరూ అడిగేది ఒకటే: "నొప్పి ఎలా ఉంది?" ఉంది అంటాం. ఎంత ఉంది, పదికి ఎన్ని? ఈరోజు ఆరు, నిన్న ఐదు. ఈ లెక్క నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆరూ ఐదూ ఒకే నొప్పి కావు. పుస్తకంలో రోజుకో వరసలో, ఏ నొప్పి వస్తే ఆ రంగు దారం చిన్న ముక్క అంచున కుట్టడం మొదలుపెట్టాను.

నీలం: వంచేటప్పుడు ముందువైపు బిగుతు, చిన్నసైజు జాకెట్లో చెయ్యి దూర్చినట్టు. వదిలేస్తే పోతుంది. ఆకుపచ్చ: రాత్రిపూట లోపల ఎక్కడో లాగుడు, ఇదీ అని చూపించలేం. ఎరుపు: ఒకే చోట, చిప్ప పై అంచున, సూది గుచ్చినట్టు. పసుపు: చిప్ప వెనక, బరువు మోపి వంచితే. తెల్లదారం నొప్పి కాదు, నొప్పి లేకపోవడం. కోతకి బయటివైపు రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద చోటు మొద్దుబారింది. గిల్లినా తెలియదు. కోతలో చర్మానికి వెళ్లే సన్నటి నరం తెగుతుంది, అది మామూలే, వైశాల్యం తగ్గుతుందేమో కానీ పూర్తిగా పోకపోవచ్చన్నారు.

మొదటి నెల పేజీ అంచంతా ఆకుపచ్చ, నీలం.

31 నుంచి 33వ రోజు: నా తప్పు

సంక్రాంతి దగ్గరకి వచ్చేసింది. 27 జాకెట్లు పెండింగు. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఒక్కత్తే కుట్టలేకపోతోంది. కస్టమర్లు ఫోన్లో "అక్కా, నీ కాలు ఎలా ఉంది" అని మొదలుపెట్టి, ఒక నిమిషం ఆగి, "మరి నా జాకెట్టు..." అంటారు. నేనూ అయితే అంతే అడుగుతాను, తప్పేం లేదు. టెన్షన్ తట్టుకోలేక మిషన్‌కి మోటారు పెట్టించి, పెడలు ఎడమ కాలి కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ కాలికి మోటారు పెడలు అలవాటు లేదు. మెత్తగా తొక్కుదామంటే అది ఒక్కసారిగా పరిగెత్తింది. ఒక పట్టు జాకెట్ చెయ్యి మీద అడ్డంగా కుట్టు పడిపోయింది. విప్పితే సూది రంధ్రాలు కనపడుతున్నాయి. దాన్ని పైపింగ్ వేసి కప్పాను (ఆవిడకి ఇప్పటికీ తెలియదు, చదవదని నమ్మకం).

అలా నాలుగు గంటలు కాలు కిందకి వేలాడేసి కూర్చున్నాను. ఆ రాత్రి, త్వరగా బాగుపడాలని, పౌడరు పలక మీద రెండు వందల సార్లు జరిపాను. చెప్పింది రోజుకి ముప్పై. మర్నాడు వదిన దిగింది, వేడి నువ్వుల నూనెతో మోకాలి చుట్టూ బలంగా మర్దనా చేసింది. వద్దనలేకపోయాను. హాయిగానే ఉంది అప్పటికి.

33వ రోజు పొద్దున మోకాలు 16½. ముందురోజు దాకా 15½. వంగడం 58 నుంచి 45కి పడిపోయింది. తొడ మళ్లీ మైదా ముద్ద. ముట్టుకుంటే వేడి.

ఫిజియో అమ్మాయి వదిన ముందు ఏమీ అనలేదు. వదిన వంటింట్లోకి వెళ్లాక "ఆంటీ, అతుకుతున్న ఎముక మీద మర్దనా వద్దే వద్దు" అంది. తర్వాత పుస్తకం లాక్కుని అట్ట లోపల తనే రాసింది: చేసేటప్పుడు నొప్పి పదిలో నాలుగు దాటకూడదు. పడుకునేలోపు తగ్గాలి. పొద్దున టేపు పెరగకూడదు. పెరిగితే ఆ రోజు సగం. అప్పట్నుంచి పొద్దున కాఫీ కంటే ముందు టేపు. రెండు రోజులు ఐసు ముక్కలు కవర్లో వేసి, తడి తువ్వాల్లో చుట్టి, పదిహేను నిమిషాల చొప్పున, కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద. పోయిన పదమూడు డిగ్రీలు తిరిగి రావడానికి ఆరు రోజులు పట్టింది.

సంక్రాంతి

ముగ్గు వెయ్యలేదు. గొంతుక్కూచోవడం అన్న మాటే లేదు. వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి చిన్నదానికి చుక్కలు చెప్పాను, అది సగం దాకా విని, మిగతాది ఫోన్లో చూసి వేసింది.

ఇంకో గొడవ. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. ఇది ఫిజియో సూత్రం. మా గుమ్మానికి రెండు మెట్లు. నా మంచికాలు ఎడమది. అంటే పండగపూట ఇంట్లోకి ఎడమకాలు పెట్టి రావాలి. అత్తయ్య మొహం చూడాలి! చివరికి ఒక ఒప్పందం కుదిరింది: మెట్లు ఎడమకాలితో ఎక్కి, గడప ముందు ఆగి, కుడికాలు ముందుకి జరిపి గడప దాటడం. బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటారు కానీ, మా ఇంట్లో గడపకీ మోకాలికీ పడింది ముడి.

పాయా, ఎముకల పులుసు, నల్లేరు పచ్చడి, ఎవరు ఏది తెచ్చినా తిన్నాను. నల్లేరు దురద పుడుతుందని చింతపండు ఎక్కువ వేస్తారు, అందుకే నాకు నచ్చింది.

43వ రోజు

ఎక్స్‌రే. గీత ఇంకా కనపడుతోంది, పొగమంచులో రోడ్డులా. అతుకుతోంది అన్నారు. బ్రేసు ఇంట్లో తీసెయ్యొచ్చు, బయటికి పెట్టుకోవాలి. వంగడం 75, మోకాలు 15¼. తొడ 17½.

ఈ ఆఖరి అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండు అంగుళాలు తేడా. రెండు కాళ్లూ పక్కపక్కన చాపితే వేరే వేరే మనుషులవిలా ఉన్నాయి. ఎముక అతికితే పని అయిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. డాక్టర్ గారు ఎక్స్‌రే పక్కన పెట్టి, "ఇది నా పని, దాదాపు అయింది. అది మీ పని, ఇంకా మొదలవలేదు" అని తొడ చూపించారు.

50వ రోజు: తొక్కుడు మిషన్

మోటారు బెల్టు తీసేసి పాత తొక్కుడు బెల్టు వేశాను. ఫిజియో అమ్మాయిని ముందే అడిగాను. సూది తీసేసి, దారం లేకుండా, ఊరికే తొక్కడం. రెండు పాదాలూ పెట్టి, నడిపేది ఎడమది, కుడిది దాని వెంట వెళ్లేది. ఐదు నిమిషాలు. ఆ లయ వినగానే అత్తయ్య వంటింట్లోంచి "మొదలెట్టావా?" అంది. 60వ రోజుకి 92 డిగ్రీలు వచ్చింది, అందులో సగం ఈ మిషన్ పుణ్యం.

63వ రోజు: ఇసుక సంచులు

సంచులు మంచం మీద ఉన్నప్పుడే కుట్టేశాను, బరువు పెట్టడానికి అనుమతి ఇప్పుడు వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని పద్ధతి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిది డ్రిల్ గుడ్డతో కుట్టాను, ఇసుక పోశాను, ఒక్క కుట్టే. రెండో రోజుకి మంచం నిండా ఇసుక. రెండోసారి ఇసుకని జల్లించి, ఎండబెట్టి, ఖాళీ పాలపాకెట్లలో పోసి, మూతి దీపం మంటకి చూపించి అంటించాను. తడి ఇసుక పోస్తే ఆరాక బరువు తగ్గుతుంది, బూజు వాసన కూడా. గుడ్డ పన్నెండు అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు. అడ్డంగా మధ్యలో మూడు చోట్ల కుట్టి నాలుగు గదులు చేశాను. ఒకటే గది అయితే ఇసుక అంతా కిందకి దిగి చీలమండ మీద గుద్దుతుంది. గదికి ఒక పాకెట్, పాకెట్‌కి 125 గ్రాములు, కిరాణా కొట్టు కాటా మీద తూయించాను. నాలుగు కలిసి అరకిలో. అంచులన్నీ డబుల్ కుట్టు, చివర వెల్క్రో. కొట్టు అబ్బాయి ఇసుక తూయమంటే ఒకసారి నా మొహంలోకి చూశాడు.

వెల్లకిలా పడుకుని, మోకాలు నిటారుగా బిగించి, కాలు అడుగు ఎత్తు లేపి ఐదు లెక్కపెట్టడం. బరువు లేకుండా ముప్పై అవలీలగా చేసేదాన్ని. అరకిలోతో ఎనిమిదోసారికి మోకాలు వంగిపోయింది. వంగితే లెక్కలోకి రాదు. ఆ రోజు స్కోరు ఏడు. వారం తర్వాత పదిహేను. తొంభయ్యో రోజుకి కిలో.

86వ రోజు

వంగడం 112. తొడ 18¼. మోకాలు 15. నీలం దారాలు తగ్గాయి, ఆకుపచ్చ దాదాపు లేదు. పసుపు పెరిగింది.

ఇదే నాకు ఆశ్చర్యం. నడక బాగుపడేకొద్దీ కొత్త నొప్పి. మెట్లు ఎక్కడం ఫరవాలేదు, దిగేటప్పుడు చిప్ప వెనక పట్టేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుని తొడ కండ మెల్లగా వదులుతూ ఆపాలి, ఆ సమయంలో చిప్ప తొడ ఎముకకి గట్టిగా నొక్కుకుంటుంది, శరీరం బరువుకి సుమారు మూడింతలు. కండ బలంగా లేకపోతే ఆ దెబ్బంతా చిప్ప మీదే. నాకు మళ్లీ ఏదో విరిగిందని భయం వేసింది. ఫిజియో అమ్మాయి వంటింటి పీట తెమ్మంది. మూడు అంగుళాల ఎత్తు. దాని మీద కుడికాలు పెట్టి, ఎడమ మడమ నేలకి తాకేదాకా మెల్లగా దిగి, మళ్లీ లేవడం. అద్దం ముందు, మోకాలు లోపలికి వాలకుండా. పదిసార్లకి తొడ వణికింది, కత్తెరకి పదును లేనప్పుడు గుడ్డ వణికినట్టు. అత్తయ్యకి కూర తరగడానికి పీట లేదు, నాలుగు వారాలు స్టూలు మీద కూర్చుని తరిగింది.

120వ రోజు

126 డిగ్రీలు. ఎడమది 140. తొడ 18¾, మోకాలు 14¾. ఎక్స్‌రేలో గీత లేదు.

డాక్టర్ గారికి పుస్తకం చూపించాను. ఎప్పుడూ అంకెలు చూసేవారు, ఈసారి దారాల దగ్గర ఆగారు. మొదటి నుంచీ ఒకే తీరులో ఉన్నది ఎరుపు ఒక్కటే, మోకాళ్ల మీద ఆనిన రోజుల్లో, బిగుతు చుడీదార్ వేసిన రోజుల్లో. వేలితో చిప్ప పై అంచున ఒక చోట నొక్కారు. "అబ్బా" అన్నాను. "పిన్ను చివర. చర్మం కింద తగులుతోంది. చాలామందికి తగులుతుంది." ఎముక పూర్తిగా గట్టిపడ్డాక, అప్పటికీ ఇబ్బంది పెడితే తీసెయ్యొచ్చు, తొందర లేదు, ఏడాది దాటనివ్వండి అన్నారు. ఇన్ని నొప్పుల్లో ఒక్కదానికి చిరునామా దొరికింది.

170వ రోజు, మే 24

తొడ 19. ఇంకో అర అంగుళం. పసుపు దారం వారానికి ఒకటి, అదీ ఎక్కువసేపు నిలబడితే. ఎరుపు అలాగే ఉంది.

కటింగ్ నేను నేల మీదే చేస్తాను, చాప వేసి, మోకాళ్ల మీద ఉండి. బల్ల మీద నాకు చెయ్యి తిరగదు. ఆర్నెల్లుగా కటింగ్ అంతా అమ్మాయే. నిన్న పెళ్లివాళ్ల గుడ్డలు వచ్చాయి, కంచి పట్టు, తప్పు జరిగితే నష్టం కట్టుకోలేం. నేనే చెయ్యాలి. చాప మీద మోకాలు ఆనించగానే పిన్ను గుచ్చింది, లేచిపోయాను.

రాత్రి కూర్చుని దిండు ఒకటి కుట్టాను. పాత బొంత గుడ్డ, లోపల ఫోము, మధ్యలో చిప్ప పట్టేంత గుండ్రటి రంధ్రం. బరువు చుట్టూ పడాలి, చిప్ప గాల్లో ఉండాలి. చుట్టుకొలత తీసుకోవడానికి మోకాలి మీద స్టీలు గ్లాసు బోర్లించి గీత గీశాను. పొద్దున ప్రయత్నించాను. పిన్ను తగల్లేదు. పదిహేను నిమిషాలు, రెండు జాకెట్లు కత్తిరించాను. కానీ రంధ్రం కొంచెం పెద్దదైంది, కత్తెర చాపేటప్పుడు మోకాలు అందులో పక్కకి జరుగుతోంది. ఈ రాత్రికి అర అంగుళం తగ్గించి ఇంకోటి కుట్టాలి.